ఇంటి తపాలా.. గడప దాటేదెలా?

అమెరికా విదేశాంగ మంత్రి నుంచి ఈమెయిల్ వస్తే ఆ శాఖ ఉద్యోగులు ఏం చేస్తారు? చేతిలో పని పక్కన పెట్టి మరీ చదువుతారు. 2010లో మాత్రం కొందరు చదవలేదు. పొగరుతో కాదు, అసలు వాళ్లకు చేరనే లేదు కాబట్టి! హిల్లరీ క్లింటన్ పంపిన ఉత్తరాలు కొన్ని ఆమె సొంత శాఖలోనే 'స్పామ్' బుట్టలోకి పోయాయి. కోటి డాలర్ల లాటరీ తగిలిందనీ, బట్టతలకు మందు దొరికిందనీ ఊదరగొట్టే చెత్త ఉత్తరాల సరసన.. సాక్షాత్తూ మంత్రిగారి ఉత్తరం!

కారణం ఏంటంటే.. ఆమె ప్రభుత్వ ఈమెయిల్ వాడలేదు. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన చపాక్వా అనే చిన్న ఊళ్లో క్లింటన్ల ఇల్లుంది. ఆ ఇంట్లో పెట్టుకున్న సొంత సర్వర్ మీదే ఆమె 2009 నుంచి మంత్రిగా ఉత్తరప్రత్యుత్తరాలు నడిపారు. మీ ఉత్తరాలు స్పామ్‌లోకి పోకుండా ఉండాలంటే శాఖ ఈమెయిల్ అయినా తీసుకోండి, లేదంటే మీ చిరునామా శాఖలో అందరికీ తెలియనివ్వండి అని 2010 నవంబరులో ఆమె సహాయకురాలు హ్యూమా అబెదిన్ సూచించారు కూడా. ఆ డిసెంబరులో మంత్రిగారి ఉత్తరాలు లోపలికి రావడం కోసం సాంకేతిక సిబ్బంది తమ రక్షణ ఏర్పాట్లలో కొన్నింటిని తాత్కాలికంగా ఆపాల్సి వచ్చింది. 2015 మార్చిలో ఈ ఇంటి సర్వర్ సంగతి 'న్యూయార్క్ టైమ్స్' బయటపెట్టడం, ఎఫ్‌బీఐ విచారణ, 2016 ఎన్నికల్లో రేగిన దుమారం.. అదంతా అందరికీ తెలిసిన కథే. స్పామ్ బుట్ట సంగతే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అంతటి మంత్రిగారి ఇంటి తపాలాకే ఆ గతి పడితే మామూలు ఇంటి మాటేంటి? సొంత ఇంట్లోంచి, సొంత కంప్యూటర్ నుంచి, మధ్యలో ఏ కంపెనీ చెయ్యీ పడకుండా నేరుగా ఓ ఉత్తరం పంపాలంటే ఇవాళ ఎన్ని గడపలు దాటాలి?

ఇంట్లోనే పోస్టాఫీసు

ఈమెయిల్ అంటే చాలామందికి జీమెయిలే. లేదంటే యాహూ, అవుట్‌లుక్. నిజానికి అవి ఈమెయిల్ కాదు, ఈమెయిల్ పోస్టాఫీసులు. అక్కడ మనకో పెట్టె ఇచ్చారు, అంతే. అద్దె రూపాయల్లో అడగరు కాబట్టి అది అద్దె పెట్టె అన్న సంగతి గుర్తుండదు. అయితే పోస్టాఫీసు పెట్టే హక్కు ఫలానా కంపెనీకే ఉందని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఇంట్లో ఓ మూల దుమ్ము పట్టిన పాత కంప్యూటరున్నా చాలు. 2012లో వచ్చిన, అరచేతిలో ఇమిడిపోయే 'రాస్ప్‌బెర్రీ పై' బోర్డున్నా సరిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కి పైసా ఖర్చు లేదు. ఐబీఎమ్‌లో పనిచేస్తుండగా వీట్సె వెనెమా రాసిన 'పోస్ట్‌ఫిక్స్' 1998లో విడుదలైంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఫిలిప్ హేజెల్ 1995లో మొదలుపెట్టిన 'ఎగ్జిమ్' మరొకటి. పెద్ద పెద్ద సంస్థలు నేటికీ వాడుతున్న సరుకే ఇదంతా. దించుకుని పెట్టుకోవడమే తరువాయి.

శ్రీకాకుళంలో ఓ ఇంట్లో ఇలాంటి సర్వర్ పెట్టారనుకుందాం. అమెరికాలో చదువుతున్న కూతురికి అమ్మ ఓ ఉత్తరం రాసి 'సెండ్' నొక్కింది. ఇంటి సర్వర్ ముందుగా డీఎన్‌ఎస్ అనే ఇంటర్నెట్ చిరునామాల పుస్తకం తిరగేస్తుంది. అమ్మాయి చిరునామాలో '@' తర్వాత ఉన్న పేరు పట్టుకుని, ఆ పేరున వచ్చే తపాలాని తీసుకునే సర్వర్ ఏదో కనుక్కుంటుంది. ఆ సర్వర్‌కి బోలెడు తలుపులుంటాయి. వాటినే 'పోర్టులు' అంటారు. తపాలా తలుపు నంబరు 25. ఇంటి సర్వర్ వెళ్లి దాన్ని తడుతుంది. అప్పుడు రెండింటి మధ్యా ఇలా మాటలు నడుస్తాయి..

'హలో, నేను శ్రీకాకుళం నుంచి ఫలానావారింటి సర్వర్‌ని.'

'మంచిది. చెప్పండి.'

'ఫలానా అమ్మగారి దగ్గర్నుంచి ఉత్తరం తెచ్చా.'

'సరే.'

'మీ దగ్గరుండే ఫలానా అమ్మాయికి అందజెయ్యాలి.'

'సరే, ఉన్నారు.'

'అయితే చదువుతా, రాసుకోండి.'

'కానివ్వండి. అయిపోయాక విడిగా ఓ లైన్లో ఒక్క చుక్క పెట్టండి.'

ఉత్తరం చదవడం, చుక్క పెట్టడం, 'అందింది' అనిపించుకోవడం, సెలవు తీసుకోవడం.. అన్నీ కలిపి రెప్పపాటులో అయిపోతాయి. ఇది పోలిక కోసం అల్లిన సంభాషణ కాదు. నిజంగానే ఇదే వరసలో మాట్లాడుకుంటాయవి. కాకపోతే 'సరే' అనాల్సిన చోట 250 అంటాయి. 'వీల్లేదు, పొమ్మ'నడానికి 550. ఆజ్ఞలన్నీ నాలుగక్షరాల్లో ఉండాలన్న పట్టింపు కొద్దీ ఇంగ్లిష్ 'హలో'లో ఒక 'ఎల్' కోసేశారు!

ఈ మర్యాదలన్నిటికీ పేరు ఎస్‌ఎమ్‌టీపీ. కాలిఫోర్నియాలో ఉండే జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో దీన్ని రాసి పెట్టారు. తర్వాత మార్పులూ చేర్పులూ జరిగాయి కానీ పలకరింపుల వరస మాత్రం మారలేదు. నలభై ఏళ్లనాటి ఆ పలకరింపుతోనే ఇవాళ్టికీ ప్రపంచంలోని ఉత్తరాలన్నీ సర్వర్ నుంచి సర్వర్‌కి చేరుతున్నాయి.

అందరూ మంచివాళ్లే అనుకున్నారు!

పై సంభాషణలో ఓ లోటు గమనించారా? 'ఫలానా అమ్మగారి దగ్గర్నుంచి తెచ్చా' అంటే అవతలి సర్వర్ 'సరే' అనేసింది. 'ఏదీ, గుర్తింపు కార్డు చూపించు' అనలేదు. ఇన్‌లాండ్ కవరు వెనక 'ఫ్రమ్' దగ్గర ఎవరి పేరైనా రాయొచ్చు. పోస్ట్‌మ్యాన్ అడగడు. ఇక్కడా అంతే.

దానికి పోస్టెల్‌ని తప్పుపట్టలేం. ఆనాడు ఆ నెట్‌వర్కులో ఉన్నది విశ్వవిద్యాలయాలూ, పరిశోధన సంస్థలూ. దాదాపు ఒకరికొకరు తెలిసినవాళ్లే. దారిన పోయే ఉత్తరం ఎవరిదైనా సరే అందుకుని ముందుకు పంపడం సర్వర్లకు సాటి సర్వర్ పట్ల మర్యాద. పల్లెటూరి బస్సులో డ్రైవర్‌కి కవరిచ్చి 'పక్కూళ్లో మా బావకిచ్చెయ్' అన్నట్టన్నమాట.

చెడు అప్పటికే అంకురించింది. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి గ్యారీ థర్క్ తమ కొత్త కంప్యూటర్లను చూడ్డానికి రమ్మంటూ ఒకే ఉత్తరాన్ని దాదాపు 400 మందికి పంపాడు. చిరునామాలు ఎన్నంటే, వాటికి కేటాయించిన చోటు చాలక కొన్ని ఉత్తరం మధ్యలోకి పొర్లిపోయాయి. ప్రపంచంలో మొట్టమొదటి స్పామ్ అదేనంటారు. ఆ పేరు మాత్రం అప్పటికింకా రాలేదు. స్పామ్ అనేది 1937లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన డబ్బా మాంసం. 1970లో 'మాంటీ పైథాన్' అనే బ్రిటిష్ హాస్య బృందం ఓ నాటికలో ఆ మాట పదేపదే అరిచి మిగతావాళ్ల మాట వినపడకుండా చేసింది. మన పెట్టెల్లో జరిగేదీ అదే కదా, పేరు అలా అతుక్కుపోయింది.

ఇంటర్నెట్ ఇళ్లలోకి వచ్చాక సంగతి చెయ్యి దాటింది. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న. మరుసటేడు జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్‌ల 'హాట్‌మెయిల్' వచ్చింది. ఎక్కడ కూర్చునైనా ఉచితంగా ఉత్తరం రాసుకునే వీలు చిక్కింది. మంచివాళ్లతోపాటు మోసగాళ్లకీ. ఉత్తరం పంపడానికి స్టాంపు ఖర్చు లేదు కాబట్టి లక్షమందికి పంపితే ఒక్కడు మోసపోయినా లాభమే! ఎవరి ఉత్తరమైనా అందుకుని పంపే మర్యాదస్తుల సర్వర్లు వాళ్లకి దొరికిన ఉచిత లారీలు. రెండేళ్లలో స్పామ్ సమస్య తీరిపోతుందని 2004 జనవరిలో దావోస్‌లో బిల్ గేట్స్ జోస్యం చెప్పారు. ఇరవయ్యేళ్లు దాటింది. ఈమెయిళ్లలో ఇప్పటికీ సుమారు సగం చెత్తేనని భద్రతా సంస్థల లెక్క.

మర్యాద మానని పెద్దమనిషి

అందుకున్న ప్రతి ఉత్తరాన్నీ ముందుకు పంపే అలవాటుని 1990ల చివరికల్లా దాదాపు అందరూ మానేశారు. ఒకాయన మాననన్నాడు. పేరు జాన్ గిల్మోర్. శాన్‌ఫ్రాన్సిస్కోవాసి, సన్ మైక్రోసిస్టమ్స్ తొలి ఉద్యోగుల్లో ఒకరు, ఇంటర్నెట్ స్వేచ్ఛ కోసం పోరాడే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వ్యవస్థాపకుల్లో ఒకరు. తన సర్వర్‌ని ఎవరైనా వాడుకునేలా తలుపులు బార్లా తెరిచే ఉంచాడు. ప్రయాణాల్లో ఉండే స్నేహితులు ఎక్కడినుంచైనా ఉత్తరాలు పంపుకోవద్దా అన్నది ఆయన వాదన. ఆయన సర్వర్ మీదుగా స్పామ్ పోతోందని ఫిర్యాదులు వెళ్లడంతో 2001లో ఇంటర్నెట్ కంపెనీ ఆయన బయటకు పంపే తపాలాని ఆపేసింది. దొంగల కోసం మంచివాళ్ల తలుపు మూస్తారా అని ఆయన, నీ తలుపు వల్ల ఊరంతా దొంగలే అని అవతలివాళ్లు. ఇద్దరి మాటలోనూ నిజముంది. నెగ్గింది మాత్రం రెండోవాళ్లే.

మొదటి గడప.. 25

ఇక శ్రీకాకుళం అమ్మగారి ఉత్తరం దగ్గరికొద్దాం. దానికి మొదటి అడ్డంకి అవతల ఎక్కడో అమెరికాలో కాదు, సొంత వీధిలోనే ఎదురవుతుంది. ఇళ్లకిచ్చే కనెక్షన్ల నుంచి 25వ నంబరు తలుపు వైపు వెళ్లే దారిని ప్రపంచవ్యాప్తంగా చాలా ఇంటర్నెట్ కంపెనీలు మూసేశాయి. కక్షతో కాదు. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు యజమానికి తెలియకుండానే రాత్రింబగళ్లు స్పామ్ పంపుతుంటాయి. ఇలాంటి 'జాంబీ' మందల్ని నడిపే సర్వర్లకు ఆశ్రయమిచ్చిన మెక్‌కోలో అనే అమెరికన్ కంపెనీకి 2008 నవంబరు 11న ఇంటర్నెట్ తీగలు కత్తిరిస్తే, ప్రపంచంలో స్పామ్ ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది. వాటికి పని చెప్పే గొంతు మూగబోయిందన్నమాట. కొన్నాళ్లకే మళ్లీ పెరిగిందనుకోండి. ఆ మందల్లో ఉన్నవన్నీ మనలాంటివాళ్ల కంప్యూటర్లే. అందుకే మొదటి కత్తెర ఇళ్లమీద పడింది. సర్వర్లు అద్దెకిచ్చే పెద్ద క్లౌడ్ కంపెనీలు కూడా ఈ దారిని మూసే ఉంచుతున్నాయి.

దీనికి ఇంకో తలనొప్పి తోడు. ఇంటర్నెట్‌లో పాత పద్ధతి ఐపీ నంబర్లు మొత్తం 429 కోట్లు. ప్రాంతీయ సంస్థలకు పంచాల్సిన నిల్వ 2011 ఫిబ్రవరితోనే అడుగంటింది. దాంతో చాలా కంపెనీలు ఒకే నంబరు వెనక బోలెడు ఇళ్లని పెడుతున్నాయి. అపార్ట్‌మెంట్ మొత్తానికీ ఒకటే డోర్ నంబర్ ఇచ్చినట్టు. బయటి నుంచి ఉత్తరం తెచ్చినవాడు ఏ ఇంటి తలుపు తట్టాలి? సొంత సర్వర్ నడపాలంటే అదనంగా డబ్బు కట్టి ఎప్పుడూ మారని 'స్టాటిక్ ఐపీ' తీసుకోవాల్సిందే.

పక్కింటి పాపం

సరే, డబ్బు కట్టారు. కంపెనీని బతిమాలి 25 కూడా తెరిపించారు. ఉత్తరం అమెరికాలోని తలుపు తట్టింది. అక్కడి సర్వర్ ఇప్పుడు 'హలో' వినగానే కరిగిపోయే రకం కాదు. ముందు నల్లజాబితా తిరగేస్తుంది.

ఈ జాబితాల కథ 1997లో మొదలైంది. స్పామ్ పంపే ఐపీ నంబర్లను ఓచోట చేర్చి, ఎవరైనా క్షణంలో సరిచూసుకునే ఏర్పాటుని పాల్ విక్సీ అనే అమెరికన్ ఇంజినీరు తెచ్చారు. 1998లో లండన్‌లో స్టీవ్ లిన్‌ఫోర్డ్ 'స్పామ్‌హాస్' మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమంది సర్వర్లు చెవి ఒగ్గేది దాని మాటకే. దాంట్లో 2007 నుంచి ఓ ప్రత్యేక జాబితా ఉంది. అందులోకి ఎక్కడానికి ఏ తప్పూ చెయ్యక్కర్లేదు. ఇళ్లకిచ్చే ఐపీ నంబరైతే చాలు! ఇళ్ల నుంచి నేరుగా తపాలా రావడానికి వీల్లేదన్నది దాని సూత్రం. సొంత సర్వర్ నడిపేవాళ్లు తమ నంబరుని తీసెయ్యమని అడిగే వీలుంది కానీ, అదో పని. ఇక మరికొన్ని జాబితాలైతే ఒక నంబరు తప్పు చేస్తే దాని చుట్టుపక్కల నంబర్లన్నిటినీ ఎక్కిస్తాయి. వీధిలో ఒకడు దొంగైతే వీధంతా దొంగలే అన్నట్టు.

మరి ఇంత అధికారం వాళ్లకి ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. జాబితాని వాడాలో వద్దో ఆ సర్వర్ల యజమానుల ఇష్టం. ఈ సంగతి కోర్టుకీ ఎక్కింది. ఇ360 అనే అమెరికన్ మార్కెటింగ్ కంపెనీ తమని స్పామర్లంటూ జాబితాలో పెట్టారని స్పామ్‌హాస్ మీద దావా వేసింది. అమెరికా కోర్టుకి తమ మీద అధికారం లేదని స్పామ్‌హాస్ వాదించడం మానేసి ఊరుకుంది. 2006లో కోర్టు ఏకపక్షంగా కోటీ 17 లక్షల డాలర్ల నష్టపరిహారం కట్టమంది. అప్పీళ్లు నడిచాయి. 2011కల్లా ఆ మొత్తం ఎంతకు దిగిందో తెలుసా? మూడు డాలర్లకు!

మూడు సంతకాలు.. ఓ ఊరిపెద్ద

జాబితా గండం కూడా గడిచిందనుకోండి. ఇప్పుడు గుర్తింపు పత్రాలు చూపించాలి. 1982లో లేని కార్డులు ఇప్పుడు మూడున్నాయి. ఈ పేరుతో ఉత్తరాలు తెచ్చే హక్కు ఫలానా ఐపీ నంబర్లకే ఉందని చాటింపు వేసేది ఎస్‌పీఎఫ్. ఉత్తరం మీద లక్క ముద్రలాంటిది డీకిమ్. మధ్యలో ఎవరైనా ఓ అక్షరం మార్చినా ముద్ర పగిలినట్టు తెలిసిపోతుంది. ఈ రెండూ కుదరని ఉత్తరం మా పేరుతో వస్తే పారెయ్యండి, లేదా పక్కన పెట్టండి అని ముందే చెప్పి ఉంచేది డీమార్క్. 2006 నుంచి 2015 లోపు ఈ మూడింటి పద్ధతులూ ఒక్కొక్కటిగా కాగితం మీదికొచ్చాయి. వీటిని పెట్టుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. ఓపికున్నవాళ్లకి ఓ ఆదివారం పని.

అసలు చిక్కు నాలుగోదానితో. పేరు చెబితే నంబరు వచ్చినట్టే, నంబరు చెబితే పేరు రావాలి. దీన్ని 'రివర్స్ డీఎన్‌ఎస్' అంటారు. ఇది మనింట్లో కూర్చుని పెట్టుకునేది కాదు. నంబరు ఎవరిదో వాళ్లే, అంటే ఇంటర్నెట్ కంపెనీయే రాసిపెట్టాలి. కస్టమర్‌కేర్‌కి ఫోన్‌చేసి ఈ మాట అంటే అవతలివాళ్లు 'రూటర్ ఒకసారి ఆఫ్‌చేసి ఆన్‌చెయ్యండి సార్' అనొచ్చు. నిరుత్సాహపడకూడదు!

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ నిబంధనల్ని మరీ బిగించాయి. జీమెయిల్ పెట్టెలకి రోజుకి 5,000కు పైగా ఉత్తరాలు పంపేవాళ్లకి మూడు కార్డులూ తప్పనిసరి. 'ఇది స్పామ్' అనే ఫిర్యాదులు కూడా నూటికి 0.3కి చేరకూడదు. రోజుకి నాలుగు ఉత్తరాలు రాసే అమ్మగారికి అన్ని షరతుల్లేవు కానీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటీ, రివర్స్ డీఎన్‌ఎస్ ఉండాల్సిందే.

ఇవన్నీ ఉన్నా ఇన్‌బాక్స్‌లో పడుతుందన్న హామీ లేదు. ఎందుకంటే చివరి పరీక్షకి రాతపూర్వకమైన సిలబస్ లేదు. దాని పేరు పరపతి. ఈ నంబరు నుంచి ఇన్నాళ్లుగా ఎలాంటి ఉత్తరాలు వచ్చాయి, అందుకున్నవాళ్లు వాటిని చదివారా, తీసిపారేశారా అని పెద్ద కంపెనీల యంత్రాలు లెక్కలు కడతాయి. కొత్తగా పెట్టిన ఇంటి సర్వర్‌కి గతం లేదు. గతం లేనివాడిని ఊరిపెద్ద అనుమానంగా చూస్తాడు. తిప్పి పంపితే నయం, 550 అని ముఖమ్మీద చెప్పినట్టుంటుంది. బాధల్లా 250 అని మర్యాదగా తీసుకుని చప్పుడు చెయ్యకుండా స్పామ్‌లో పడేస్తేనే. పంపినవాళ్లు చేరిందనుకుంటారు, అందుకోవాల్సినవాళ్లు రాలేదనుకుంటారు. ఉద్యోగానికి దరఖాస్తు, పెళ్లి పిలుపు, బ్యాంకుకి రాసిన ఫిర్యాదు.. ఇలా ఎన్ని ఆగిపోయినా ఎవరికీ తెలియదు. బార్సిలోనాకి చెందిన ఓ ఇంజినీరు 1999 నుంచి సొంత సర్వర్ నడిపి, ఏ నియమమూ తప్పకుండా 23 ఏళ్లు నెట్టుకొచ్చి, తన ఉత్తరాలు ఎవరికీ చేరడంలేదంటూ 2022లో చేతులెత్తేశాడు. అన్నీ తెలిసినవాడి సంగతే అది.

మరెందుకీ తంటా?

ఇంత కష్టమైతే జీమెయిల్ వాడుకుంటే పోలా? పోతుంది. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చినప్పుడు హాట్‌మెయిల్ ఇచ్చే చోటు 2 మెగాబైట్లు, ఇది ఇస్తామంది వెయ్యి. ఏప్రిల్ ఫూల్ అనుకున్నారంతా. 2018 నాటికి దాన్ని వాడేవాళ్లు 150 కోట్లు దాటారు. స్పామ్ వడపోతలో దానికి పేరు పెట్టడానికి లేదు. అయినా కొందరు సొంత పోస్టాఫీసు కోసం ఎందుకు తపిస్తున్నారో తెలియాలంటే ఓ కథ చెప్పుకోవాలి.

అమెరికా నిఘా సంస్థల రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ 'లావాబిట్' అనే చిన్న ఈమెయిల్ కంపెనీ ఖాతాదారు. దాని యజమాని టెక్సాస్‌కి చెందిన లాడార్ లెవిసన్. 2013 వేసవిలో ఎఫ్‌బీఐ వచ్చి మొత్తం సర్వర్ తాళాలు అడిగింది. అది ఇస్తే ఒక్క స్నోడెన్ ఉత్తరాలే కాదు, 4 లక్షలకు పైగా ఖాతాదారులందరి ఉత్తరాలూ తెరిచినట్టే. కోర్టు ఇమ్మంది. లెవిసన్ ఇచ్చాడు. ఎలా? కంప్యూటర్ తాళాన్ని 11 పేజీల మీద, భూతద్దం పెట్టినా కనపడనంత చిన్న అక్షరాల్లో అచ్చేసి! కోర్టుకి కోపమొచ్చి రోజుకి 5,000 డాలర్ల జరిమానా వేసింది. చివరికి తాళం ఇచ్చేసి, ఆగస్టు 8న కంపెనీనే మూసేశాడు. పరాయి పోస్టాఫీసులో ఉన్న ఉత్తరాలకి తాళం మన చేతిలో ఉండదన్న సంగతి అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది. ఈ ఆలోచన ప్రభుత్వాలకీ ఉంది. 2025 అక్టోబరులో కేంద్ర హోంమంత్రి అమిత్ షా మన దేశానికే చెందిన జోహో మెయిల్‌కి మారినట్లు ప్రకటించడం దాని కొనసాగింపే.

అంత పెద్ద రహస్యాలు మన దగ్గరేముంటాయి అంటారా? రహస్యాల సంగతి పక్కన పెట్టండి. పాన్, బ్యాంకు, బీమా, పిల్లల కాలేజీ.. అన్నిటికీ ఒక్క ఈమెయిలే ఆధారం. ఆ ఖాతా ఏ కారణం చేతనైనా మూతపడితే మాట్లాడ్డానికి మనిషి దొరకడం కష్టం. అదే సొంత పేరుతో డొమైన్ ఉంటే, పోస్టాఫీసు మారినా చిరునామా మారదు. ఇంట్లో సర్వర్ పెట్టినా పెట్టకపోయినా ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూఇటూగా అయ్యే ఈ ఖర్చు పెట్టదగ్గదే.

సొంత సర్వర్‌తో ఇంకో ముచ్చట ఉంది. చిరునామానే తెలుగులో పెట్టుకోవచ్చు! 'అమ్మ@మనఇల్లు.భారత్' తరహాలో అన్నమాట. ఇంగ్లిష్ కాని లిపుల్లో చిరునామాలకు 2012లోనే పద్ధతి ఏర్పడింది. పోస్ట్‌ఫిక్స్ 2015 నుంచి దాన్ని నేర్చుకుంది. తెలుగు లిపిలో '.భారత్' డొమైన్ కూడా ఉంది. జీమెయిల్ 2014 నుంచి ఇలాంటి చిరునామాలకు ఉత్తరాలు పంపుతుంది, తీసుకుంటుంది. కాకపోతే అందరు సర్వర్లూ ఇంకా నేర్చుకోలేదు కాబట్టి పక్కన ఓ ఇంగ్లిష్ చిరునామా ఉంచుకోక తప్పదు.

కరెంటు పోతే?

చాలామంది భయపడేది దీనికే. భయపడాల్సింది మాత్రం దీనికి కాదు. అవతలి సర్వర్ వచ్చి తలుపు తట్టినప్పుడు మనింట్లో కరెంటు లేకపోతే ఉత్తరం పారేసి పోదు. కాసేపాగి మళ్లీ వస్తుంది. అలా నాలుగైదు రోజులపాటు తిరగాలని నియమమే ఉంది. గాలివానకి రెండు రోజులు లైన్లు తెగినా తపాలా భద్రం. ఈ ఓపికని స్పామ్ పట్టుకోవడానికీ వాడతారు. కొత్తవాడు తలుపు తడితే 'ఇప్పుడు కుదరదు, మళ్లీ రండి' అంటే, అసలైన సర్వర్ మళ్లీ వస్తుంది. హడావిడిగా లక్షల ఉత్తరాలు విసిరే స్పామర్లలో చాలామంది తిరిగి రారు. 2003 నుంచి ఉన్న ఈ చిట్కా భలే తెలివైంది.

భయపడాల్సింది దొంగలకి. ఇంటర్నెట్‌కి తెరిచిన తలుపు ఎక్కడున్నా వెతుక్కుంటూ వచ్చి పాస్‌వర్డులు ప్రయత్నించే యంత్రాలు నిత్యం తిరుగుతూనే ఉంటాయి. 1988 నవంబరు 2న ఇంటర్నెట్‌ని స్తంభింపజేసిన మోరిస్ పురుగు దూరిన సందుల్లో ఒకటి 'సెండ్‌మెయిల్' అనే తపాలా సాఫ్ట్‌వేర్‌లోని లోపమే. సర్వర్ పెట్టడం ఒకరోజు పని. దాని సాఫ్ట్‌వేర్‌ని ఎప్పటికప్పుడు తాజాగా ఉంచడం, ఉత్తరాలకి నకళ్లు తీసిపెట్టడం రోజూ పని. ఇంట్లో ఆ పని తెలిసింది ఒక్కరికే అయితే, వాళ్లు ఊరెళ్లినా మంచాన పడినా ఇంటిల్లిపాదికీ తపాలా బంద్. ఆ మాట ముందే ఇంట్లో అనుకోవాలి.

ఇన్ని తెలిశాక కూడా సరదా చావనివాళ్లకి ఓ మధ్యేమార్గం ఉంది. వచ్చే ఉత్తరాలు నేరుగా ఇంటి సర్వర్‌కే రానివ్వడం, పోయేవాటిని మాత్రం పరపతి ఉన్న మరో సర్వర్ భుజమ్మీదుగా పంపడం. దీన్ని 'స్మార్ట్‌హోస్ట్' అంటారు. పాత ఉత్తరాల కట్ట మనింట్లోనే ఉంటుంది, పోస్టు ముద్ర మాత్రం పెద్ద పోస్టాఫీసుది. నేరుగా పంపే పట్టుదల ఉన్నవాళ్లకి ఇది రాజీలా అనిపించొచ్చు. కుటుంబానికి రోజూ అవసరమయ్యే తపాలాకి మాత్రం ఇదే నయం.

నేరుగానే పంపి తీరాలంటే తొందరపడకూడదు. మొదటి రోజే బంధువులందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు పంపితే స్పామరన్న ముద్ర ఖాయం. ముందు ఇద్దరు ముగ్గురికి రాయాలి. వాళ్లకి ఫోన్ చేసి స్పామ్ బుట్టలో చూడమనాలి. ఉంటే 'నాట్ స్పామ్' నొక్కి, చిరునామా కాంటాక్టుల్లో కలుపుకుని, ఓ జవాబు రాయమనాలి. జవాబులొచ్చే నంబరు మీద ఊరిపెద్దకి నెమ్మదిగా గురి కుదురుతుంది. శ్రీకాకుళం అమ్మగారి కూతురు ఆ పని చేస్తే రెండో ఉత్తరం ఇన్‌బాక్స్‌లో పడే అవకాశాలు బాగానే ఉన్నాయి. మొదటిది అందిందో లేదో తెలుసుకోవడానికి మాత్రం అమ్మగారు వాట్సాప్‌లో అడగాల్సిందే.